కృష్ణార్పణం అనుకుని వదిలేయాలా?



పోయిన వీడియోలో క్షమ గురించి మాట్లాడుకున్నాం కదా. దాని తర్వాత చాలామంది దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. ఎవరైనా మన డబ్బు అన్యాయంగా తీసుకుంటే గట్టిగా అడగడం ధర్మమా, వదిలేయడం ధర్మమా? వీడియోలో దీని గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్ళిపోయాను. నిజం చెప్పాలంటే, అది రికార్డు చేసిన రోజుల్లో నేనే అలాంటి గొడవ మధ్యలో ఉన్నాను. పంటి వైద్యం డబ్బుల గొడవ. ఇప్పుడది ఒక కొలిక్కి వచ్చింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఈ ప్రశ్న మొదలైంది మా అమ్మ అన్న మాటతో. ఫోన్‌లో సంగతంతా విని ఆవిడ ఒక్కటే అంది. "పోనీలే నాన్నా, కృష్ణార్పణం అనుకో. పోయిన జన్మలో వాళ్ళకేదో బాకీ ఉండుంటావు." మన ఇళ్ళలో పర్సు పోయినా, అప్పు తీసుకున్నవాడు ఎగ్గొట్టినా, ఆటోవాడు వంద ఎక్కువ తీసుకున్నా ఈ మాట వస్తుంది. విన్నప్పుడు కొంచెం హాయిగా కూడా ఉంటుంది. కానీ ఆ రాత్రి నాకు హాయిగా అనిపించలేదు. ఇది నిజంగా అర్పణమేనా, లేక చేతకానితనానికి మనం పెట్టుకున్న మంచి పేరా అని అనుమానం వచ్చింది.

అసలు ఏం జరిగిందంటే

జనవరిలో నాకు కింది దవడలో కుడివైపు పన్ను సలుపు మొదలైంది. హైదరాబాద్‌లో ఆఫీసుకి దగ్గరగా ఉన్న ఒక డెంటల్ క్లినిక్‌కి వెళ్ళాను. ఎక్స్‌రే చూసి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, మొత్తం రెండు పళ్ళకి రూట్ కెనాల్ చేసి క్యాప్‌లు వేయాలన్నారు. పన్నుకి రూట్ కెనాల్ 6,000, క్యాప్ 12,000. రెండింటికీ కలిపి 36,000 రూపాయల ప్యాకేజీ. అప్పటికప్పుడు 6,000 కట్టాను. మిగతా 30,000 కి "నో కాస్ట్ ఈఎంఐ సార్, వడ్డీ ఉండదు" అన్నారు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీలు చెప్పాను. నెలకి 3,000 చొప్పున పది నెలలు, ప్రతి నెలా 5వ తేదీన కట్ అవుతుంది. పన్ను నొప్పితో ఉన్నవాడు ఓటీపీ మెసేజ్‌లో ఇంకేం రాసుందో చదవడు. నేనూ చదవలేదు.

జనవరిలోనే రెండు సిట్టింగులు అయ్యాయి. పన్ను తెరిచి, లోపల శుభ్రం చేసి, పైన తాత్కాలికంగా సిమెంట్ పెట్టారు. మూడో సిట్టింగులో వేళ్ళలోని గొట్టాలు మూసేసి, ఆ తర్వాత క్యాప్ వేయాలి. అదే జరగలేదు. మొదట చూసిన డాక్టర్‌గారు మానేశారు. అపాయింట్‌మెంట్ మూడుసార్లు వాయిదా వేశారు. ఈలోగా ప్రతి 5వ తేదీన మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చేది. 3,000 డెబిట్. పన్నులో పని ఆగింది కానీ ఖాతాలో పని ఆగలేదు.

మే చివర్లో ఆ సిమెంట్ ఊడిపోయింది. నొప్పి మళ్ళీ మొదలైంది. పరిగెత్తుకుంటూ వెళ్తే కొత్త డాక్టర్‌గారు చూసి, లోపలికి మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చింది, మొదటి నుంచి చేయాలి అన్నారు. కౌంటర్ దగ్గర 7,500 అడిగారు. అదే పన్ను, అదే పని, రెండోసారి డబ్బు. నొప్పిలో కార్డు ఇచ్చేశాను. జూన్‌లో మళ్ళీ వెళ్తే కొత్త ఎక్స్‌రేలకి, ఇంకో మందుకి మళ్ళీ బిల్లు అన్నారు. అప్పుడు కుర్చీలోంచి లేచి వచ్చేశాను. అప్పటికి రెండు పళ్ళలో ఒక్కటి కూడా పూర్తికాలేదు. ఎడమవైపు పన్ను అసలు ముట్టుకోనేలేదు.

వదిలేద్దాం అనిపించిన మాట నిజం

అమ్మ మాట విన్నాక రెండు రోజులు వదిలేద్దామనే అనుకున్నాను. ఆ రెండు రోజులూ నా మనసుని నేనే కాస్త గమనించాను. వదిలేయాలని ఎందుకు అనిపిస్తోంది? నిజాయితీగా చూస్తే మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది బద్ధకం. కాగితాలు వెతకాలి, ఫోన్లు చేయాలి, ఒక శనివారం పోతుంది. రెండోది సిగ్గు. మంచి ఉద్యోగం చేస్తూ, భక్తి గురించి వీడియోలు చేస్తూ, డబ్బు కోసం క్లినిక్ కౌంటర్ దగ్గర గొడవపడితే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? మూడోది భయం. వాళ్ళు గట్టిగా మాట్లాడితే నేను తిరిగి మాట్లాడలేనేమో.

ఈ మూడింట్లో క్షమ ఎక్కడా లేదు. ఆ క్లినిక్ వాళ్ళ మీద నాకు ప్రేమ పుట్టలేదు, జాలి కూడా పుట్టలేదు. రాత్రి పడుకుంటే వాళ్ళనే తిట్టుకుంటున్నాను. లోపల తిట్టుకుంటూ పైకి "కృష్ణార్పణం" అంటే, ఆ స్వామికి మనం ఏం ఇస్తున్నట్టు?

అర్పణం అంటే ఇవ్వడం. తులసీదళమైనా సరే, మన చేతిలో ఉన్నదాన్ని, మన ఇష్టంతో ఇవ్వాలి. జేబు కొట్టేసి వెళ్ళినవాడి చేతిలో ఉన్న పర్సుని చూపించి "స్వామీ, ఇది నీకే" అంటే అది నైవేద్యం అవుతుందా? అడిగి తీసుకోగలిగిన స్థితిలో ఉండి, అప్పుడు వద్దనుకుంటే అది అర్పణం. అడిగే ధైర్యం లేక వదులుకున్నదానికి దేవుడి పేరు పెట్టకూడదని నాకు అనిపించింది.

ఇక పూర్వజన్మ బాకీ సంగతి. కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. కానీ బాకీ ఎటువైపు ఉందో నాకు ఎవరు చెప్పారు? నేను వాళ్ళకి బాకీ ఉన్నానేమో, లేదా వాళ్ళే ఇప్పుడు నాకు కొత్తగా బాకీ పడుతున్నారేమో. ఆ ఖాతా పుస్తకం చూసినవాడు పైన ఉన్నాడు, నేను కాదు. నా చేతిలో ఉన్నది ఈ జన్మ కాగితాలే. పైగా జరిగినదానికి కర్మ కారణం అనుకుంటే, ఇప్పుడు నేను చేసే ప్రయత్నం కూడా కర్మే కదా. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి ఎంతో సేపు చెప్పింది ఇదే విషయం. అంతా దైవం మీద తోసేసి కూర్చోవద్దు, పురుష ప్రయత్నం చెయ్యి అని. "నా కర్మ" అన్న మాట పోయినదాన్ని తట్టుకోవడానికి పనికొస్తుంది. ఇంకా పోతున్నదాన్ని చూస్తూ కూర్చోవడానికి వాడుకుంటే, రేపు అదే క్లినిక్‌లో ఇంకొకరి దగ్గర ఇలాగే తీసుకోవడానికి మనం దారి వేసినట్టే.

రాముడు రసీదు తీసుకున్నాడు

మనలో చాలామంది గోల్కొండ కోటకి వెళ్ళి ఉంటాం. అక్కడ రామదాసు బందీఖానా చూపిస్తారు. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళతో వెళ్ళినప్పుడు ఆ చీకటి గది చూసి బాధపడ్డాను తప్ప, ఆ కథలో ఒక చిన్న వివరం నాకు అప్పుడు తట్టలేదు.

కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కొలువులో తహసీల్దారు. ప్రజల దగ్గర వసూలైన సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా ఆయన్ని గోల్కొండలో బంధించాడు. పన్నెండేళ్ళ తర్వాత రామలక్ష్మణులు మామూలు మనుషుల్లా వచ్చి తానీషాకి ఆరు లక్షలు చెల్లించి గోపన్నని విడిపించారని మన సంప్రదాయ కథ.

రాముడు తలుచుకుంటే ఆ గోడలు కూలిపోవా? తానీషా మనసు క్షణంలో మారిపోదా? కానీ కథలో ఆయన అలా చేయలేదు. ఖజానాకి చెందాల్సిన ప్రతి నాణెం లెక్కపెట్టి కట్టాడు. కట్టాక చెల్లు రసీదు తీసుకున్నాడు. ఆ రసీదు గోపన్న దగ్గరికి చేర్చాడు. సాక్షాత్తు భగవంతుడు కాగితం అడిగాడని మన పెద్దవాళ్ళు కథ చెప్పుకున్నారంటే, లెక్క అడగడం లౌకికం, భక్తుడికి తగదు అనే ఆలోచన మన సంప్రదాయంలోది కాదని నాకు గట్టిగా అనిపించింది. ఈ కథలో లెక్క రెండువైపులా ఉంది చూడండి. గుడి కోసమే అయినా ఖజానా సొమ్ము ఖజానాకి చేరాలి. చేరాక, చేరినట్టు రాసివ్వాలి.

తిరుమల స్వామిని మనం వడ్డికాసులవాడు అంటాం. పెళ్ళికి కుబేరుడి దగ్గర తీసుకున్న అప్పుకి పత్రం రాసిచ్చి, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని నమ్మకం. ఈ కథ నాకు ఎందుకు గుర్తొచ్చిందో కూడా చెప్తాను.

కోపంలో నేను మొదట చేయబోయింది బ్యాంక్ యాప్ తెరిచి ఆ ఈఎంఐ మ్యాండేట్ క్యాన్సిల్ చేయడం. బ్యాంకులో పనిచేసే ఫ్రెండ్ ఆపాడు. "ఒరేయ్, ఆ 3,000 తీసుకుంటున్నది క్లినిక్ కాదురా. ఫైనాన్స్ కంపెనీ. వాళ్ళు మొదటిరోజే మొత్తం డబ్బు క్లినిక్‌కి ఇచ్చేశారు. నువ్వు బాకీ ఉన్నది వాళ్ళకి. ఆపేస్తే బౌన్స్ చార్జీలు పడతాయి, నీ క్రెడిట్ స్కోర్ పడిపోతుంది, క్లినిక్ వాడికి మాత్రం ఏమీ కాదు" అన్నాడు. అప్పుడు అర్థమైంది. నేను ఈఎంఐ అనుకున్నది నిజానికి నా పేరు మీద ఉన్న అప్పు. చదవకుండా అయినా సరే, ఒప్పుకున్నది నేను. అన్యాయం చేసినవాళ్ళు ఒకరైతే, మాట తప్పేది ఇంకొకరితోనా? కాబట్టి గొడవ తేలేదాకా వాయిదా కట్టాలి, క్లినిక్‌ని మాత్రం అడగాలి అని తేల్చుకున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటిది జరిగితే ముందు ఇది చూసుకోండి. కట్ అవుతున్న డబ్బు ఎవరికి వెళ్తోంది, ఏ ఒప్పందం మీద వెళ్తోంది?

నా ఫిర్యాదులో నా అబద్ధాలు

ఇక అడగడానికి సిద్ధమయ్యాను. రాత్రి ఒంటిగంటన్నరకి లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక లేఖ రాశాను. రాస్తుంటే చాలా సంతృప్తిగా ఉంది. మోసగాళ్ళు అన్నాను. ఏ పనీ చేయలేదు అన్నాను. మొత్తం 43,500, పైన మానసిక వేదనకి లక్ష ఇవ్వాలన్నాను. పంపేద్దామనుకుని, ఎందుకో తెల్లారాక చూద్దామని ఆపాను.

పొద్దున్న స్నానం, సంధ్య అయ్యాక చదివితే చెమట పట్టింది. గీతలో కృష్ణుడు వాక్కుకి సంబంధించిన తపస్సు ఒకటి చెప్తాడు. మన మాట ఎదుటివాళ్ళని రెచ్చగొట్టకూడదు, నిజమై ఉండాలి, వినడానికి బాగుండాలి, మేలు చేయాలి. ఈ నాలుగింటినీ నా లేఖకి పెట్టి చూస్తే నాలుగింట్లోనూ ఫెయిల్. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది రెండోది.

ఏ పనీ చేయలేదన్నది అబద్ధం. జనవరిలో రెండు సిట్టింగులు శ్రద్ధగానే చేశారు. ఆ మొదటి డాక్టర్‌గారు నా చెయ్యి వణుకుతుంటే ఆగి, నీళ్ళిచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు. ఇంకొకటి నేను పూర్తిగా దాచేశాను. ఫిబ్రవరిలో రెండు అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టింది నేనే. ప్రొడక్షన్ రిలీజ్ ఉందని ఒకసారి, ఆన్‌కాల్ అని ఒకసారి. నొప్పి లేదు కదా అని తేలిగ్గా తీసుకున్నాను. తాత్కాలిక సిమెంట్ కొన్ని వారాలకే. ఎక్కువ రోజులు ఉంచితే సందుల్లోంచి లాలాజలం దిగి, శుభ్రం చేసిన చోట మళ్ళీ సూక్ష్మజీవులు చేరతాయి. పాత మెసేజ్‌లు తీసి లెక్కేస్తే, ఆలస్యంలో నా వల్ల ఐదు వారాలు, వాళ్ళ వల్ల ఏడు వారాలు.

యమ నియమాల్లో అస్తేయం అని ఒకటుంది. దొంగతనం చేయకపోవడం. మనం దొంగలం కాదు కాబట్టి అది మనకి సులువు అనుకుంటాం. కానీ మనకి అన్యాయం జరిగినప్పుడే దానికి అసలు పరీక్ష. "వాళ్ళు నా దగ్గర తీసుకున్నారు కాబట్టి నేను కాస్త ఎక్కువ లాగినా పర్లేదు" అనిపిస్తుంది. ఆ కాస్త ఎక్కువ ఎవరిది? వాళ్ళ పనికి న్యాయంగా రావాల్సిన డబ్బు. అది నేను తీసుకుంటే, పరిమాణంలో తేడా ఉంటుందేమో కానీ ఇద్దరం చేసేది ఒకటే పని.

అందుకని ఆ లేఖ తీసేసి, ఒక తెల్లకాగితం మీద రెండు వరసలు గీశాను. ఈ కాగితాన్ని క్లినిక్‌లో నిజాయితీగా ఉండే మనిషి రాస్తే ఏం రాస్తాడో, అదే రాయాలి అనుకున్నాను. నేను ఇచ్చింది, ఒప్పుకున్నది కలిపి 6,000, 30,000, 7,500. మొత్తం 43,500. వాళ్ళకి రావాల్సింది? 6,000 రూట్ కెనాల్‌లో మూడింట రెండు వంతులు చేశారు కాబట్టి 4,000. రెండోసారి తీసుకున్న 7,500 లో తప్పు ఇద్దరిదీ ఉంది. వారాల లెక్క చూస్తే వాళ్ళది కాస్త ఎక్కువే అయినా, సగం సగం అనుకుని 3,750 నేను భరిస్తాను. వాళ్ళకి 7,750. నాకు తిరిగి రావాల్సింది 35,750.

ఈ అంకె రాశాక ఒక విచిత్రం జరిగింది. కోపం చాలావరకు తగ్గిపోయింది. భయం కూడా. అబద్ధం లేని కాగితం చేతిలో ఉంటే గొంతు పెంచాల్సిన అవసరం కనిపించలేదు.

ఐదు ఊళ్ళు అడిగినట్టు

యుద్ధానికి ముందు ధర్మరాజు ఐదు ఊళ్ళయినా చాలన్నాడు. కృష్ణుడే రాయబారిగా వెళ్ళాడు. సగం రాజ్యం తమదని తెలిసినా, యుద్ధం గెలవగలమని తెలిసినా, ముందు అడిగారు. అదీ ఎదుటివాడు ఒప్పుకోగలిగే స్థాయిలో అడిగారు. కానీ సూది మొనంత కూడా ఇవ్వనన్నాక, సరే పోనీలే అనలేదు. ఈ రెండూ కలిస్తేనే రాయబారం. అడగకుండా యుద్ధానికి దిగితే అహంకారం, కాదన్నాక తలదించుకుని వచ్చేస్తే పిరికితనం.

నేను చేసింది ఇది. క్లినిక్‌కి ఈమెయిల్ రాశాను. తేదీలు, సిట్టింగులు, నా గైర్హాజర్లు, వాళ్ళ వాయిదాలు, రెండు వరసల లెక్క. కేస్ షీట్, ఎక్స్‌రేల కాపీలు ఇవ్వమన్నాను. మిగిలిన పని నేను వేరే చోట చేయించుకుంటాను, అప్పు మిగులు మీరు ఫైనాన్స్ కంపెనీకి కట్టి మూసేయండి, మిగతాది నాకివ్వండి అన్నాను. పది రోజుల గడువు ఇచ్చాను. మోసం అన్న మాట ఎక్కడా వాడలేదు.

పది రోజులకి జవాబు లేదు. ఫోన్ చేస్తే, బిల్లు మీద "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని ముద్ర ఉంది కదా సార్ అన్నారు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫిర్యాదు చేశాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఫైనాన్స్ కంపెనీ వల్లే సమస్య అయితే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఇవన్నీ మన కోసం కట్టిన దారులు. వీటిని వాడుకోవడం గొడవ పెట్టుకోవడం కాదు.

వారంలోపే క్లినిక్ మేనేజర్ నుంచి ఫోన్ వచ్చింది. వచ్చి మాట్లాడండి అన్నాడు.

7,500 రూపాయల కాగితం

అసలు పరీక్ష అక్కడ ఎదురైంది. ప్యాకేజీ డబ్బు గురించి ఆయన ఎక్కువ వాదించలేదు. 36,000 లో 4,000 మినహాయించి, 32,000 వెనక్కిస్తాం అన్నాడు. అప్పటికి ఆరు వాయిదాలు కట్టాను. మిగిలిన 12,000 ఫైనాన్స్ కంపెనీకి కట్టి అప్పు మూసేస్తారు, నాకు 20,000 వస్తుంది. నా లెక్క కూడా అదే.

తర్వాత ఆ 7,500 దగ్గరికి వచ్చాం. "మీరు సగమే అడిగారు, మొత్తం ఇచ్చేస్తా సార్. కాకపోతే ఒక చిన్న లెటర్ కావాలి. రిసెప్షన్‌లో అమ్మాయి ప్యాకేజీ సంగతి చెప్పకుండా మీ దగ్గర డబ్బు తీసుకుందని రాసివ్వండి. మేం ఆమె జీతంలో చూసుకుంటాం" అన్నాడు.

ఆ అమ్మాయి అద్దం తలుపు అవతల కూర్చుని ఉంది. నాకు మే నెల ఆ సాయంత్రం గుర్తొచ్చింది. బుగ్గ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయే అంది. "సార్, మీది ప్యాకేజీ కదా, ఒకసారి డాక్టర్‌గారిని అడిగి కడతారా?" నేనే విసుక్కుని, "ఏదో ఒకటి, ముందు కార్డు తీసుకోండి" అన్నాను.

ఈ మాట నా ఈమెయిల్‌లో లేదు. అబద్ధం రాయలేదు కానీ ఇది గుర్తు చేసుకోవాలని కూడా అనుకోలేదు. ఇప్పుడు ఒక్క సంతకం పెడితే నాకు రావాల్సిన దానికి రెట్టింపు వస్తుంది. కట్టేది మాత్రం నాకంటే ఎన్నో రెట్లు తక్కువ జీతం ఉన్న మనిషి.

అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుకి ప్రహ్లాదుడు, బలి మాట్లాడుకున్న సంగతి చెప్తుంది. క్షమ మంచిదా, తేజస్సు మంచిదా అని బలి అడిగితే ప్రహ్లాదుడు ఒకదాన్నే పట్టుకోమనలేదు. ఎప్పుడూ క్షమించేవాడిని ఎవరూ లెక్కచేయరు. ఎప్పుడూ కఠినంగా ఉండేవాడు అందరికీ శత్రువవుతాడు. ఎప్పుడు ఏది అన్నది తెలుసుకోవాలి అన్నాడు. ఎవరిని క్షమించాలో కూడా చెప్పాడు. ముందు మనకి మేలు చేసినవాళ్ళని, తెలియక తప్పు చేసినవాళ్ళని, మొదటిసారి తప్పు చేసినవాళ్ళని. ఆ అమ్మాయి నాకు మేలే చేయబోయింది. తప్పు అసలు చేయనే లేదు. క్షమించాల్సింది కూడా అక్కడ ఏమీ లేదు. నా నోరు అబద్ధం చెప్పకుండా ఉంటే చాలు.

"ఆ అమ్మాయి నన్ను ముందే హెచ్చరించింది సార్. నేనే వినలేదు. అలా రాయలేను" అన్నాను. మేనేజర్ ముఖం మారింది. "అయితే ఆ 7,500 మా వల్ల కాదు సార్" అన్నాడు. కాసేపు మాట్లాడాను. కదల్లేదు. కమిషన్‌కి వెళ్ళొచ్చు. కానీ వెళ్తే ఆ కౌంటర్ దగ్గర ఎవరు ఏమన్నారన్నది మళ్ళీ మొదలవుతుంది, అది ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు కనిపిస్తూనే ఉంది. 32,000 కి కాగితం రాయించుకుని, ఆ అమ్మాయి తప్పు లేదని నా ఈమెయిల్‌కి ఒక వాక్యం కలిపి మళ్ళీ పంపి, బయటికి వచ్చాను. జులై నెలాఖరుకి 20,000 ఖాతాలో పడింది. అప్పు మూసేసినట్టు ఫైనాన్స్ కంపెనీ నుంచి లెటర్ కూడా తెప్పించుకున్నాను. రాముడే రసీదు తీసుకున్నాడు, నాదేముంది.

ఇలా చేయడం పూర్తిగా సరైనదేనా అని ఇప్పటికీ ఒక మూల అనుమానం ఉంది. 3,750 ఆ క్లినిక్ దగ్గరే ఉండిపోయింది. రేపు ఇంకొకరి దగ్గర ఇలాగే తీసుకోవచ్చు. మీలో ఎవరైనా నేను కమిషన్‌కి వెళ్ళాల్సింది అంటే, తప్పు అనను. కానీ ఈసారి వదిలేసింది బద్ధకంతో కాదు, సిగ్గుతో కాదు, భయంతో కాదు. అడగగలను, అడిగాను, ఎందుకు ఆగుతున్నానో నాకు తెలుసు. వదిలేశాక రాత్రి ఎవరినీ తిట్టుకోలేదు కూడా.

అందుకే ఆ ప్రశ్న అడిగినవాళ్ళకి ఇప్పుడు నేను చెప్పగలిగింది ఇది. వదిలేసే ముందు ఒకసారి చూసుకోండి, దేనికి భయపడి వదిలేస్తున్నామో. అడిగే ముందు ఇంకోసారి చూసుకోండి, అవతలివాళ్ళు రాసినా ఇదే లెక్క వస్తుందా అని. రెండూ చూసుకున్నాక అడిగినా ధర్మమే, వదిలేసినా ధర్మమే.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మొత్తం విని, "అయితే ఆ మూడువేల ఏడువందల యాభై?" అంది.

"అది మాత్రం కృష్ణార్పణం అమ్మా" అన్నాను.

కుడివైపు పన్ను వేరే చోట పూర్తయింది. ఈసారి ఒక్క అపాయింట్‌మెంట్ కూడా ఎగ్గొట్టలేదు. ఎడమవైపుది వచ్చే నెల.

శ్రీకృష్ణార్పణమస్తు.